బావ బిగించిన కార్డు

షెడ్డు నుంచి

ప్రియమైన బామ్మర్దికి,

నువ్వు పంపిన పార్సెల్ అందింది. అట్టపెట్టెలో ఇంకో అట్టపెట్టె, దాన్లో వెండి రంగు సంచి, ఆ సంచిలో నా అరచేయంత పచ్చ పలక, దానికి బంగారు రంగు పళ్ళు. వేరే పొట్లంలో ఎలక తోకలాంటి నల్ల కడ్డీ ఒకటి, సీడీ ఒకటి, కోడిగుడ్డంత కెమెరా ఒకటి. మీ అక్క అన్నీ మంచం మీద పరిచి, "ఇవన్నీ పెట్టేది మీరేనా?" అంది. ఆ "మీరేనా"లో ఎంత నమ్మకం ఉందో నీకు వేరే చెప్పాలా? ఆవిడతో నాకన్నా ఎక్కువ కాలం ఒకే ఇంట్లో ఉన్నవాడివి.

ముందు ఒక మాట చెప్పు. బీరువాలు చేసుకునేవాడికి ఈ వైర్‌లెస్ కార్డు ఎందుకు? షెడ్డులో కంప్యూటర్ మీద బిల్లులు కొట్టుకుంటాను, పాటలు వింటాను, అంతే. పై వాటా టీచరమ్మగారికి నెట్ ఉంది, ఆవిడ వాడుకోమన్నారు, నిజమే. వైరు లాగితే గ్రైండర్ కింద పడి తెగుతోందని నీతో మొత్తుకున్నదీ నేనే. కానీ ఇంకో నెలలో డాక్టరు నిన్ను మాట్లాడనిస్తాడు కదా, అప్పుడు ఫోన్ చేస్తే సరిపోదూ?

మీ అక్కకి బీపీ దిగడం లేదు. కాన్పు అయ్యేదాకా ప్రయాణం మాటే ఎత్తొద్దని డాక్టరమ్మ చెప్పేసింది, మంచం దిగినా కేకలేస్తోంది. లేకపోతే నీ ఆపరేషన్ నాడే వచ్చి నెత్తిన కూర్చునేది. నన్ను వెళ్ళి చూసి రమ్మంటుంది, బయల్దేరబోతే "నన్ను ఎవరికి వదిలి?" అంటుంది. నాకేం పాలుపోవడం లేదు. గొంతులో కాయ తీసేశారు కదా, నొప్పి తగ్గిందా? ఇది అక్క ప్రశ్న. కార్డు సంగతి నా ప్రశ్న. రెండిటికీ జవాబు రాయి.

నీ బావ


ఆస్పత్రి ఎదుటి గది నుంచి

ప్రియమైన బావకి,

నొప్పి తగ్గింది. మింగడం కొంచెం కష్టంగా ఉంది, మెత్తటి తిండి పెడుతున్నారు. అక్కకి ఇంతే చెప్పు, ఎక్కువ చెబితే తక్కువ నమ్ముతుంది.

నోరు మూసుకోవడమే చచ్చే చావుగా ఉంది. పుట్టాక ఇన్నాళ్ళు ఊరుకున్నవాణ్ణి కాదు కదా. గది అద్దెకిచ్చినావిడ నేను మాట్లాడనని తెలిసి నాతో కేకలేసి మాట్లాడుతోంది. నా చెవులు బాగానే ఉన్నాయమ్మా అని కాగితం మీద రాసి చూపిస్తే, ఆ కాగితాన్ని కేకలేసి చదివింది. ఇంకో నెల ఓపిక పట్టాలి. డాక్టరు సరే అన్న రోజు నా మొదటి మాట అక్కతోనే. అదీ ఫోన్లో కాదు, మొహం చూస్తూ. నేను నోరు తెరవగానే ఏడుస్తుందో తిడుతుందో కళ్ళారా చూడాలని ఉంది. పుట్టబోయేవాళ్ళకి మేనమామ మొహం కూడా తెలియాలి కదా. కార్డు అందుకే.

పని చాలా తేలిక. మా రిపేరు షాపులో అయితే పాట పూర్తయ్యేలోపు పెట్టేస్తాను. ప్లగ్గు పీకు. కంప్యూటర్ పక్క రేకు విప్పు. లోపల పెద్ద పలక మీద సన్నటి తెల్ల గాడులు వరసగా ఉంటాయి, వాటిని స్లాట్లంటాం. ఖాళీగా ఉన్నదాన్లో కార్డు పళ్ళు దిగేలా తిన్నగా నొక్కాలి. ఆ స్లాటుకి ఎదురుగా వెనకవైపు చిన్న రేకు అడ్డం ఉంటుంది, ముందు దాన్ని తీసెయ్యి. సిగ్నల్ పట్టే ఆ తోక బిగించేది అక్కడే. కార్డు ముట్టుకునే ముందు కంప్యూటర్ ఇనుముని ఓసారి తాకు, మన ఒంట్లో ఉండే కాస్త కరెంటు కూడా ఆ కార్డు ప్రాణం తీస్తుంది. తర్వాత సీడీ వేసి అడిగినవాటన్నిటికీ సరే అను. తొందరేం లేదు, తీరిగ్గా పెట్టుకో.

నీ బామ్మర్ది


షెడ్డు నుంచి

ప్రియమైన బామ్మర్దికి,

వెనక రేకు తీసెయ్యమన్నావు. ఎలా తియ్యాలో రాయలేదు. రేకు తియ్యడమంటే మా పనిలో ఒకటే అర్థం. హాక్సా బ్లేడు పెట్టి నున్నగా కోశాను, చేతికి గీసుకోకుండా అంచులకి ఆకురాయి కూడా పట్టాను. అంతా అయ్యాక చూస్తే ఆ రేకు తలమీద ఒక స్క్రూ కనబడింది. అది విప్పితే రేకంతా ఊడి చేతికొచ్చేదా?

లోపల కాస్త ఇనప పొడి రాలింది. ఊదాను. కొంత పోయింది, కొంత ఇంకా లోపలికి పోయింది. కార్డు ఇంకా పెట్టలేదు, భయమేసి మూసేశాను. ఇప్పుడేం చెయ్యాలి?

మీ అక్క రోజులు లెక్కపెట్టుకుంటోంది, తన కాన్పుకి కాదు, నీ మాటకి. "వాడి గొంతు మునుపట్లాగే ఉంటుందంటారా, బొంగురు పోతుందా?" అని నన్ను అడుగుతుంది. నేను డాక్టర్నా? నువ్వే రాయి.

నీ బావ


ఆస్పత్రి ఎదుటి గది నుంచి

ప్రియమైన బావకి,

జవాబు ఆలస్యమైంది, కోపం తెచ్చుకోకు. మళ్ళీ ఒకసారి లోపలికి తీసుకెళ్ళారు. చూసుకోవాల్సింది ఏదో మిగిలిందట, చూసుకున్నారు. ఇప్పుడు బాగానే ఉన్నాను, లేచి తిరుగుతున్నాను.

గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చావు. అవును, ఆ స్క్రూ విప్పితే చాలు. సరే, పోయిన రేకు పోయింది. ఇనప పొడి మాత్రం ఉండకూడదు, ఒక్క రవ్వ ఉన్నా కరెంటు పెట్టగానే పలక మాడిపోతుంది. మెత్తటి బ్రష్షుతో దులిపి, కంప్యూటర్‌ని పక్కకి వంచి తట్టు. నోటితో ఊదకు, తడి పడుతుంది. సైకిల్ పంపు ఉంటే దాంతో గాలి కొట్టు. అప్పుడు కార్డు పెట్టు.

సీడీ వేశాక కంప్యూటర్‌లో ఉన్న వస్తువుల పట్టిక తెరువు. కార్డు పేరు పక్కన పసుపు గుర్తుంటే సీడీ సరిగా ఎక్కనట్టు, మళ్ళీ వెయ్యాలి. గుర్తు లేకపోతే నెట్‌వర్కులు వెతకమను, టీచరమ్మగారి పేరు వస్తుంది, ఆవిడ ఇచ్చిన పాస్‌వర్డ్ కొట్టు. ఈ వారంలోనే చెయ్యి బావా. తీరిక చూసుకోకు.

నీ బామ్మర్ది


షెడ్డు నుంచి

ప్రియమైన బామ్మర్దికి,

కార్డు పెట్టాను. ఇనప పొడి అంతా పోయింది, ఏమీ మాడలేదు. కంప్యూటర్ పెట్టగానే కొత్త వస్తువేదో దొరికిందని దానంతట అదే చెప్పింది. అడిగినవాటన్నిటికీ సరే అన్నాను, పెళ్ళయ్యాక అన్నిసార్లు సరే అనడం మళ్ళీ ఇప్పుడే. మొదట పసుపు గుర్తొచ్చింది, సీడీ మళ్ళీ వేస్తే పోయింది. అహా అనుకున్నాను.

అక్కణ్ణించి మొదలయ్యాయి నా పాట్లు. నెట్‌వర్కులు వెతుకుతున్నాను అంటుంది, వెతుకుతూనే ఉంటుంది. ఒకసారి టీచరమ్మగారి పేరు ఒంటి గీతతో కనబడింది. నొక్కితే పాస్‌వర్డ్ అడిగింది. నేను కొడుతుంటే అక్షరాలకి బదులు చుక్కలు పడతాయి. నేనేం కొట్టానో నాకే చూపించదు, తీరా తప్పంటుంది. రెండోసారికి ఆ పేరే మాయమైంది. పాపం టీచరమ్మగారు తన ల్యాప్‌టాప్ పట్టుకుని దిగివచ్చి, షెడ్డు మధ్యలో నిలబడి చూస్తే గీతలు నిండుగా ఉన్నాయి! నాకు మతి పోయింది. విప్పాను, బిగించాను, తోక అటు తిప్పాను, ఇటు తిప్పాను, ఆఖరికి విసుగొచ్చి ఎప్పట్లాగే తలుపు మూసి తాళం పెట్టి పైకొచ్చేశాను.

ఇంకో సంగతి. గొంతు గురించి మీ అక్క అడిగినదానికి నువ్వు సైకిల్ పంపు గురించి రాశావు. అడిగేదొకటి, చెప్పేదొకటి. "లోపల ఏం చూసుకున్నారో రాయమనండి" అంటోంది. నెల కూడా దాటిపోయింది కదా, డాక్టరు ఏమన్నాడు? మాట్లాడమంటే ఫోనే చేసెయ్యరా, ఈ కార్డుని తిరుగు టపాలో పంపించేస్తాను.

నీ బావ


ఆస్పత్రి ఎదుటి గది నుంచి

ప్రియమైన బావకి,

తలుపేమిటి? తాళమేమిటి? కంప్యూటర్‌కి తలుపెక్కడిది? వెంటనే రాయి.

నీ బామ్మర్ది


షెడ్డు నుంచి

ప్రియమైన బామ్మర్దికి,

నీకు చెప్పలేదా? షెడ్డంతా ఇనప దుమ్ము, పైన పెయింటు తుంపర. అందులో కంప్యూటర్ ఎన్నాళ్ళు బతుకుతుంది? అందుకని దానికో బీరువా చేశాను. మందం రేకు, రెండు తలుపులు, అంచుల చుట్టూ రబ్బరు పట్టీ. పై తలుపు వెనక తెర, కింది తలుపు వెనక అసలు పెట్టె, వైర్లు రావడానికి వెనక చిన్న కన్నం. చీమ దూరదు. గాలి కోసం లోపల ఫ్యాను కూడా పెట్టాను. చూసినవాళ్ళు ఇద్దరు తమక్కూడా అలాంటిదే చేసిపెట్టమన్నారు.

ఎందుకడుగుతున్నావు?

నీ బావ


ఆస్పత్రి ఎదుటి గది నుంచి

ప్రియమైన బావకి,

ఇన్నాళ్ళకి ఇవాళ నవ్వాను. నవ్వుకి దగ్గొస్తే గదావిడ కంగారుపడి పరిగెత్తుకొచ్చింది.

సిగ్నల్ గాలిలో వస్తుంది బావా. గోడ దాటుతుంది, తలుపు చెక్క దాటుతుంది, ఇనప రేకు దాటదు. నువ్వు చీమ దూరకుండా చేసినదాన్లో అదెలా దూరుతుంది? కింది తలుపు తెరిచినప్పుడు వచ్చిందే ఆ ఒంటి గీత. కార్డు మొదటి రోజు నుంచీ బాగానే ఉంది, నీ పనితనమే దాని పీకల మీదికి వచ్చింది.

కంప్యూటర్‌ని బయటికి తియ్యి. షెడ్డులో కూడా వద్దు, ఇప్పుడు వైరు అక్కర్లేదు కదా, అక్క మంచం ఎదురుగా బల్ల వేసి పెట్టు. కెమెరా తెర మీద తగిలించు. మొహాలు చూసుకుంటూ మాట్లాడుకునే ప్రోగ్రాం ఆ సీడీలోనే రెండోది, దాన్నీ ఎక్కించు. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక నేను ఇక్కడ మా షాపు స్నేహితుడి దగ్గర కూర్చుంటాను.

అక్కని దిళ్ళు పెట్టి ఆనించి కూర్చోబెట్టు. ఆ రోజు ఏం జరిగినా నువ్వు ఆవిడ పక్కనే ఉండు. మిగతా ప్రశ్నలన్నిటికీ అప్పుడే జవాబు.

నీ బామ్మర్ది


పడగ్గది నుంచి

ప్రియమైన బామ్మర్దికి,

పొద్దున డాక్టరమ్మ వచ్చి చూసింది. మీ అక్క బాగానే ఉంది, లోపలి బిడ్డా బాగానే ఉంది. ఆ భయం పెట్టుకోకు.

పక్కనే ఉండమన్నావు, నేను బల్ల కింద ఉన్నాను. తెర మీద నీకు కనబడింది నా వీపు ఒక్కటే అయ్యుంటుంది, అందుకే ఇటువైపు జరిగింది రాస్తున్నాను.

నీ మొహం రాగానే మీ అక్క చప్పట్లు కొట్టింది. బాగా సన్నబడ్డావు. మెడ చుట్టూ తువ్వాలు. చెయ్యి ఊపావు, నవ్వావు, "అక్కా" అన్నట్టు పెదాలు కదిపావు. మాట రాలేదు. ఇంత చేసినా సౌండ్ రాలేదే అని నా ప్రాణం ఉసూరుమంది. సౌండ్ పెంచాను, స్పీకర్ తట్టాను. "ఒక్క నిమిషం ఉండరా" అని నీకు చెప్పి, వైరు ఊడిందేమోనని బల్ల కిందికి దూరాను. ఒక్కో వైరే పీకి, పంచెతో తుడిచి, మళ్ళీ గుచ్చి, "ఇప్పుడొచ్చిందా?" అని అరుస్తున్నాను. ఇంకోటి పీకాను. "ఇప్పుడో?" అన్నాను.

"లేవండి," అంది. "వైర్లన్నీ బాగానే ఉన్నాయి."

ఆ గొంతు విని గబుక్కున లేచాను, తల బల్లకి కొట్టుకుంది. తెర మీద నువ్వు తువ్వాలు తీసేసి ఉన్నావు. మెడ కింద చిన్న గొట్టం.

తర్వాత తెర కింద అక్షరాలు వచ్చాయి. నేను చదవలేకపోయాను, మీ అక్కే పైకి చదివింది. రెండోసారి తీసుకెళ్ళినప్పుడు, కాయ వేళ్ళు పాకాయని స్వరపేటిక మొత్తం తీసేశారని. ప్రాణానికి ఇంక భయం లేదని. "ఉత్తరంలో రాస్తే అక్క నా మొహం చూడకుండా చదువుకుంటుంది, నేను నవ్వుతున్నానని ఆవిడకి తెలియదు, అందుకే రాయలేదు" అని. నేనేమో ఫోన్ చెయ్యి, ఫోన్ చెయ్యి అని నిన్ను పొడుచుకు తిన్నాను. ఆ ముక్కలు నువ్వక్కడ ఒక్కడివే కూర్చుని చదివి, నాకు స్క్రూల గురించి జవాబు రాశావు.

ఏడుపు అయ్యాక మీ అక్క మొదలుపెట్టింది. అది నువ్వూ విన్నావు. ఎవరికీ చెప్పకుండా అంత పెద్ద ఆపరేషన్‌కి సంతకం పెట్టడానికి నీకెన్ని గుండెలంది. నేను చచ్చాననుకున్నావా అంది. మీ ఇద్దరి పోట్లాట నాకు కొత్త కాదు, ఆవిడ ఒకటంటే నువ్వు రెండంటావు, ఆవిడ మాట పూర్తి కానివ్వవు. నిన్న కూడా "నేనంటే నీకు లెక్కుందా అసలు?" అని, అలవాటు కొద్దీ ఆగింది. నువ్వు ఎదురు చెప్పడానికి చోటిచ్చింది. ఆ చోటు అలాగే ఉండిపోయింది. మీ అక్క నావైపు తిరిగి చూసింది.

అప్పుడు నువ్వు చెయ్యెత్తి, ఊఁ, కానియ్యి అన్నట్టు వేళ్ళు ఆడించావు. ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని, దిండు సర్దుకుని, మళ్ళీ అందుకుంది. కరెంటు పోయేదాకా తిట్టింది.

ప్రేమతో,
నీ బావ