ఎడమ బుగ్గ మీది పుట్టుమచ్చ

వెర్మాంట్, మార్చి 1848

ట్రస్క్ గారికి,

వెండి రేకు మీద మీరు కెమెరాతో తీసిన మా నాన్న బొమ్మ అందింది. కుడి బుగ్గ మీది పుట్టుమచ్చ ఎడమవైపు పడిందని, మళ్ళీ వచ్చి సరిగా తీస్తానని రాశారు.

నాన్న ఆ రేకును కిటికీ దగ్గర అటూ ఇటూ వంచుతూ కూర్చున్నారు. ఒక వంపులో ముఖం కనిపిస్తుంది, ఇంకో వంపులో బయటి మంచు తప్ప ఏమీ ఉండదు. చాలాసేపటికి, "ఇది నేను కాదమ్మా. మా ఆసా," అన్నారు.

ఆసా నాన్నకు కవల తమ్ముడు. ఎడమ బుగ్గ మీది మచ్చను చూసే వాళ్ళమ్మ కూడా అతన్ని పోల్చుకునేదట. డెబ్బై ఏళ్ళ కిందట ఇంగ్లండు రాజుగారి సైన్యంతో జరిగిన యుద్ధంలో, పద్దెనిమిదేళ్ళకే, నాన్న పక్కనే నేలకొరిగాడు.

రేకు మీద కుడి ఎడమలు తారుమారవుతాయని చెప్పబోయాను. నాన్న వింటేనా. "ఒరే, పళ్ళు నాకంటే ముందే ఊడాయే నీకు," అని బొమ్మను చూసి నవ్వుతున్నారు. ఇప్పుడు మేపుల్ చెట్ల రసాన్ని పాకంగా కాచే పాకలోకి కూడా దాన్ని వెంట తీసుకెళ్తున్నారు.

మంచు కరిగాక రండి. అద్దం పెట్టి తీస్తే సరిగా వస్తుందన్నారు కదా, అలా ఒకటి తీయండి. పాతది మాత్రం అడగవద్దు. రెండూ ఎదురెదురుగా పట్టే మడత పెట్టె తెస్తే చాలు.

తల కదలకుండా పట్టే ఆ ఇనుప కొక్కెం ఈసారి అక్కర్లేదట. ఆసాను ఎదురుగా పెడితే కన్ను కూడా తిప్పనంటున్నారు.

ఇట్లు,
ఆయన పెద్ద కూతురు