పదకొండు ఎక్స్‌రేలు

మార్చి 3

చెల్లి జీన్ టెస్ట్ రిపోర్ట్ వచ్చింది. పాజిటివ్. నాది నెగటివ్. అమ్మని తీసుకెళ్లిన రొమ్ము క్యాన్సర్ జీన్ దానికొచ్చింది, నాకు అమ్మ ముక్కు మాత్రం వచ్చింది.

డాక్టరమ్మ ఫారం ఇచ్చింది. ముప్పై ఏళ్లలోపు ఛాతీ ఎక్స్‌రేలు ఎన్ని? ఈ జీన్ ఉన్నవాళ్లకి చిన్న వయసులో రేడియేషన్ అంత మంచిది కాదట. రెండో మూడో ఉంటాయి కదా అని చెల్లి నన్నే అడిగింది. తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను.

మార్చి 4

పదకొండు.

మార్చి 6, మధ్యాహ్నం, ఎక్స్‌రే రూమ్

అన్నీ ఇక్కడే తీశాను. అమ్మ పోయేనాటికి దానికి పదిహేడు. నేను ఈ ఎక్స్‌రే టెక్నీషియన్ ఉద్యోగంలో కొత్త. అమ్మ జబ్బు ఊపిరితిత్తులకి పాకినప్పుడు ముందు దగ్గే వచ్చింది. అందుకే చెల్లి రెండుసార్లు దగ్గితే చాలు, నాకు అమ్మే గుర్తొచ్చేది. లంచ్ టైమ్‌లో లాక్కొచ్చి ఒక ఫిల్మ్ తీసేదాన్ని. ఇంటి మనిషే కదా అని రిజిస్టర్‌లో రాసేదాన్ని కాదు. క్లియర్‌గా ఉంటేనే అన్నం సహించేది.

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు. నేను దానికి వడ్డించింది ఇదీ.

మార్చి 9

ముందు డాక్టరమ్మకి చెప్పాను. తిట్టలేదు. ఒక్కో ఎక్స్‌రే డోస్ చాలా చిన్నదట. దానివల్ల చెల్లికి ఎంత తేడా అన్నది ఎవరూ చెప్పలేరట. ప్రస్తుతానికి ఏటా ఎంఆర్ఐ చేయిద్దాం, చెల్లికి మాత్రం మీరే చెప్పాలి అంది. జీన్ సంగతి అప్పుడు మీకు తెలీదు కదా అని కూడా అంది.

తెలీదు. అనవసరంగా ఎవరికీ తీయకూడదన్న రూల్ తెలుసు. ఊరికే ఎక్స్‌రే అడిగే పేషెంట్ల మీద అరిచేదాన్ని కూడా.

మార్చి 10

చెప్పేశాను. అప్పుడది బట్టలు మడతపెడుతోంది. విని, తన బట్టలు మడతపెట్టుకుని, నావి కుప్పగా వదిలేసి లోపలికి వెళ్లిపోయింది.

మార్చి 11

నా బట్టలు ఇంకా కుప్పగానే ఉన్నాయి.

మార్చి 13, ఉదయం ఆరు

టీ పెట్టి లేపింది. అప్పటి దగ్గుల్లో సగం దొంగ దగ్గులట! అమ్మ పోయాక డ్యూటీ, ఇల్లు అంటూ నేను దాన్ని దగ్గరికి తీసుకోవడమే మానేశానట. ఎక్స్‌రే రూమ్‌లో మాత్రం గడ్డం పైకెత్తి, జుట్టు పక్కకి తీసి, భుజాలు సర్ది నిలబెట్టేదాన్నట. అందుకోసమే దగ్గేదట.

నీ వాటా ఐదు, నా వాటా ఆరు అంది. పిచ్చిమొహంది. గట్టిగా పట్టుకుని ఏడ్చాను. కోపం మాత్రం ఇంకా పోలేదని, కొన్నాళ్లు ఉంటుందని చెప్పింది. ఉండనీ అన్నాను. ఫారంలో పదకొండు అని అదే రాసింది.

మార్చి 20

ఎంఆర్ఐ. ఇందులో రేడియేషన్ ఉండదు, తోడుగా ఒకరు లోపలే ఉండొచ్చు. ఎక్స్‌రేకి లాగా బటన్ నొక్కడానికి నేను గోడ వెనక్కి వెళ్లే పని లేదు. అయిపోయేదాకా దాని పాదం పట్టుకుని కూర్చున్నాను.