నలభై మూడు ఎక్సెళ్లు, ఒక సంతకాల పుస్తకం

తోజర్, శనివారం

మా మొంజీకి మేనత్త షాద్లియా సలాము.

ఫోన్ చెయ్యకుండా ఉత్తరమేంటని అడక్కు. ఫోన్లో అయితే "సరే అత్తా, సరే అత్తా" అని పెట్టేస్తావు. కాగితమైతే జవాబు రాయక తప్పదు. ట్యూనిస్ వచ్చే లువాజ్ టాక్సీ డ్రైవర్ చేతికిచ్చి పంపుతున్నాను. నువ్వు జవాబు రాసిచ్చేదాకా మీ ఇంట్లోంచి కదలొద్దని చెప్పాను.

ఏడేళ్ల కిందట మా ఖర్జూరాల సంఘానికి నువ్వో ప్రోగ్రాం రాసిచ్చావు కదా. బటన్ నొక్కితే తనంతట తనే ఎక్సెల్ తెరిచి, సరుకు వివరాలు నింపి, సర్టిఫికెట్ అచ్చు వేసి ఇచ్చేది. ఇన్నాళ్లూ బంగారంలా పనిచేసింది. ఇప్పుడు దానికేదో పట్టింది. నిన్న బటన్ నొక్కి, టీ కాచుకుని, తాగి, గ్లాసు కడుక్కుని వచ్చినా సగం సర్టిఫికెట్టే బయటికొచ్చింది. ఇవాళ అదీ లేదు.

శుక్రవారం రేవుకి లారీ వెళ్లాలి. దానికి అరవై సర్టిఫికెట్లు కావాలి. మా డైరెక్టర్ సీ సహ్బీ అందరి ముందూ ఏమన్నాడో తెలుసా? "అవి రాకపోతే నీ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు. నువ్వు షెడ్డులోకెళ్లి కాయలు ఏరుకో" అన్నాడు. ముప్పై ఒక్క ఏళ్లు కూర్చున్న కుర్చీరా అది! షెడ్డు దారి చూపిస్తున్నాడు నాకు. నాకు!

ఇట్లు,
నీ అత్త షాద్లియా

తా.క. సంచిలో ఖర్జూరాలు నీకే. ఎన్ని పెట్టానో డ్రైవర్‌కి చెప్పే పంపాను. తక్కువైతే రాయి.

*

ట్యూనిస్, ఆదివారం

అత్తకి మొంజీ సలాములు.

మీ డ్రైవర్ మా సోఫాలో కాళ్లు బారజాపుకుని రెండో కాఫీ తాగుతున్నాడు. అందుకని గబగబా రాస్తున్నాను.

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కు. లోపల ఏమేం నడుస్తున్నాయో జాబితా వస్తుంది. అందులో ఎక్సెల్ పేరు ఎన్నిసార్లుందో చూడు. పైకి కనబడకుండా నడిచేవి కూడా అక్కడ బయటపడతాయి. నువ్వు తెరవనివి ఏవైనా ఉంటే ఒక్కొక్కటీ మూసెయ్యి.

ప్రేమతో,
మొంజీ

తా.క. ఏమీ ఉండవులే. రాసింది నేను కదా.

*

తోజర్, సోమవారం

మొంజీ,

నలభై మూడు! ఒరేయ్, నలభై మూడున్నాయిరా!

సలాము చెప్పడం కూడా మర్చిపోయాను చూడు. సలాము. నా కంప్యూటర్లో నాకు తెలియకుండా నలభై మూడు ఎక్సెళ్లు కూర్చునున్నాయి. నేను తెరిచింది ఒక్కటీ లేదు. వేలు పెట్టి రెండుసార్లు లెక్కపెట్టాను.

మూసెయ్యమన్నావు. ఎలా మూస్తాను? మా ఆఫీసు పద్ధతి నీకు తెలియదు. బీరువాలోంచి ఫైలు తీసినవాళ్లు పుస్తకంలో సంతకం పెట్టాలి, తిరిగిచ్చేటప్పుడూ పెట్టాలి. ఒకరు తెరిచింది ఇంకొకరు మూయకూడదు. ఈ నియమం పెట్టిందే నేను. నేనే తప్పితే ఇంకేముంది?

అందుకని పుస్తకం పట్టుకుని అందరి దగ్గరికీ వెళ్లాను. గోడౌన్ ఫెర్జానీని నిలదీస్తే, "అక్కా, నాకు మౌస్ పట్టుకోవడమే రాదు. నేనెక్కడ తెరుస్తాను?" అని ఒట్టేశాడు. నేను నమ్మలేదు. మధ్యాహ్నం నూనెలో వేయించిన చేప బ్రిక్ తిన్నాక వాడి వేళ్లకి నూనె ఉంటుంది, నా మౌస్‌కీ ఉంది. సీ సహ్బీ అయితే పుస్తకంలో ఏముందో చూడనైనా చూడలేదు. "ఆ కంప్యూటర్‌తో నాకేం పనమ్మా?" అని సర్రున గీసిచ్చాడు. మొత్తం పధ్నాలుగు మందీ "అవి నావి కావు" అని సంతకాలు పెట్టారు. మరి ఎవరివి? బయటివాళ్లెవరో చొరబడ్డారని డైరెక్టర్ విచారణ వేశాడు. నేను మాత్రం ఒక్కటీ ముట్టుకోలేదు.

ఇట్లు, నిద్రలేని
షాద్లియా

తా.క. టీ ఇచ్చే ముసలాయన వేలిముద్ర వేశాడు. దాని మీద పుదీనా ఆకు అంటుకుంది. సాక్ష్యం కదా అని అలాగే ఉంచాను.

*

ట్యూనిస్, మంగళవారం

అత్తా,

ఆగు! ఎవరూ చొరబడలేదు. ఫెర్జానీని వదిలెయ్యి. ఆ నలభై మూడూ నావే.

సర్టిఫికెట్‌కొకటి చొప్పున నా ప్రోగ్రామే తెరిచింది. పనయ్యాక "ఇక వెళ్లు" అని చెప్పాను కూడా. కానీ ఎక్సెల్‌కి "వెళ్లు" అని చెప్తే సరిపోదత్తా. దాని పుస్తకం, అందులోని షీటు, షీటులోని గడి, అన్నిటినీ ప్రోగ్రాం చేత్తో పట్టుకునే ఉంటుంది. పట్టుకున్నవన్నీ వదిలితేనే అది పోతుంది. నేను వదలలేదు. అందుకని ఇంకా పిలుస్తారేమోనని లోపలే కూర్చుంది, కంప్యూటర్ మెమరీ అంతా తింటూ.

నాకర్థం కానిది ఒక్కటే. ఈ తప్పు మొదట్నుంచీ ఉంది. ఏడేళ్లు ఎలా బయటపడలేదు? ఈమధ్య ఏమైనా మార్చారా?

సిగ్గుతో,
మొంజీ

తా.క. దయచేసి పోలీసుల్ని పిలవకండి.

*

తోజర్, బుధవారం

మొంజీ,

నువ్వా! మా అన్న కడుపున పుట్టినవాడివి, తలుపు తెరిచి వెయ్యకుండా వెళ్తావా! మీ ఇంట్లో తలుపుల్లేవా?

ఇంకో ఘోరం విను. "ఆ నలభై మూడూ నావే" అని రాశావే, ఆ ముక్క సీ సహ్బీ కంటపడింది. "నేరం ఒప్పుకున్నాడు!" అని గంతేసి నీ ఉత్తరం విచారణ ఫైల్లో కుట్టేశాడు. చొరబడ్డవాడి మేనత్తని కాబట్టి ఇప్పుడు నేనూ దొంగనే. ఫెర్జానీ నన్ను చూసి తలుపు వేసి మరీ లెక్క చూసుకుంటున్నాడు.

ఏం మార్చారన్నావు. ఏమీ లేదు. రోజూ సాయంత్రం ఐదింటికి కంప్యూటర్ మీద గుడ్డ కప్పి, గోడలోంచి ప్లగ్గు పీకి ఇంటికెళ్లేదాన్ని. నిప్పంటుకుంటుందేమోనని నా భయం. పోయిన నెల సీ సహ్బీ "ఏ కారణం చేతనైనా దీన్ని ఆపరాదు" అని కాగితం అంటించాడు. ఎందుకో చెప్పలేదు. అప్పట్నుంచి పీకడం లేదు.

ఇంకోటి అడగాలి. అచ్చు సగంలో కాగితం ఇరుక్కుందనుకో, అప్పుడు ఎవరు మూస్తారు? మా దగ్గర మనిషి సగంలో జ్వరమొచ్చి వెళ్లిపోయినా ఫైలు బీరువాకి చేరాల్సిందే. మొన్న కాగితం రెండుసార్లు ఇరుక్కుంది.

సరిచేసే వాక్యాలు కాగితం మీద రాసి పంపు. నేను టైపు కొట్టుకుంటాను. ఎల్లుండే లారీ.

షాద్లియా

తా.క. ఈసారి ఉత్తరంలో "నావే" అని రాయకు.

*

ట్యూనిస్, బుధవారమే

అత్తా,

ప్లగ్గు పీకావా? ఏడేళ్లు? రోజూనా? అలా చెయ్యొద్దని మొదటి రోజే చెప్పానే! తల తిరిగిపోయింది. కానీ ఒక్కమాట ఒప్పుకోవాలి. నేను మూయకుండా వదిలేసినవాటిని ప్రతి సాయంత్రం నువ్వే ఊడ్చేశావు. నా ప్రోగ్రాం బాగుందని నేను ఇన్నాళ్లూ మీసం తిప్పుకున్నాను.

పదకొండు వాక్యాలు వెనక పేజీలో ఉన్నాయి. చివర తీసుకున్నది ముందు వదలాలి. గడి, షీటు, పుస్తకం, ఆఖర్న ఎక్సెల్. కాగితం ఇరుక్కోవడం గురించి అడిగావు చూడు, పన్నెండేళ్లుగా ఈ పని చేస్తున్నాను, అది నాకు తట్టలేదు. అందుకే ఆ వాక్యాలన్నీ ఏం జరిగినా సరే నడిచే చోట పెట్టాను.

ముందు ఆ నలభై మూడూ మూసెయ్యి. తర్వాత కంప్యూటర్‌ని ఒకసారి ఆపి వెలిగించు. మెనూలోంచి. గోడలోంచి కాదు!

నీ శిష్యుడు,
మొంజీ

తా.క. అది ఏదైనా అడిగితే, చదివి జవాబు చెప్పు.

*

తోజర్, శనివారం

బంగారు తండ్రి మొంజీకి అత్త సలాము, దీవెన.

గురువారం నలభై మూడూ మూశాను. ఒక్కోదానికీ నీ పేరు రాసి, నీ తరఫున నేనే సంతకం పెట్టాను. తర్వాత ఆపబోతే అది నిజంగానే అడిగింది. "ఇంకొకరు కూడా ఈ కంప్యూటర్ వాడుతున్నారు. వాళ్లు సేవ్ చెయ్యని పని పోతుంది. పర్లేదా?" అంది. పుస్తకం తీసి మొదట్నుంచీ చదివాను. పధ్నాలుగు మందీ తమది కాదన్నారు. పర్లేదు అని నొక్కాను.

నీ పదకొండు వాక్యాలు కొట్టాను. అరవై సర్టిఫికెట్లూ వచ్చాయి. అచ్చైన ప్రతిసారీ జాబితా చూశాను, ఒక్క ఎక్సెల్ కూడా లేదు. శుక్రవారం పొద్దున్నే లారీ కదిలింది. ఫెర్జానీ చప్పట్లు కొట్టాడు.

అప్పుడు సీ సహ్బీ పరిగెత్తుకొచ్చాడు. "నా జాబితా ఏది? నెల రోజులు ఒంటి వేలితో కొట్టాను!" అని కేకలు. హవ్వ! నేను భోజనానికి వెళ్లినప్పుడల్లా నా కుర్చీలోనే కూర్చునేవాడట! వేరే పేరుతో లోపలికెళ్లే దారి వాళ్ల బావమరిది పెట్టిచ్చాడట. సేవ్ చెయ్యడం రాదు. అందుకే ఆపొద్దని కాగితం అంటించాడు! పుస్తకం తెరిచి ఆయన సంతకం చూపించాను. కూలబడ్డాడు.

ఆ జాబితా సోమవారానికి పై ఆఫీసుకి పంపాలట. "నువ్వైతే వేగంగా కొడతావు, నేను చెప్తాను" అన్నాడు. సరేనని కుర్చీలో కూర్చున్నాను. పైన శీర్షిక ఏం పెట్టమంటారన్నాను. "షెడ్డుకి మార్చవలసినవారు" అన్నాడు నెమ్మదిగా. షెడ్డులో కాయలు ఏరుకోమన్న మాట గుర్తొచ్చిందిరా. అయినా కొట్టాను. "మొదటి పేరు చెప్పండి" అన్నాను.

పైకప్పు కేసి చూశాడు. నన్ను చూశాడు. "రెండో పేరు నుంచి మొదలుపెట్టు" అన్నాడు. అంతలో ఫెర్జానీ లారీ రసీదు పట్టుకుని నవ్వుతూ లోపలికొచ్చాడు. "మూడో పేరు..." అన్నాడు డైరెక్టర్. టీ ముసలాయన ఆయన చేతిలో గ్లాసు పెట్టాడు. "బాదం వేశాను బాబూ, మీకిష్టమని" అన్నాడు.

సీ సహ్బీ టీ మొత్తం తాగాడు. తాగి, "ఇవాళ ఎండ మండిపోతోంది, వద్దులే" అన్నాడు.

"మూసెయ్యమంటారా?" అన్నాను.

తలూపాడు. మూశాను. లోపలేమైనా మిగిలిందేమోనని జాబితా కూడా చూశాను. ఏమీ లేదు.

ఇట్లు, కుర్చీలోంచి,
నీ అత్త షాద్లియా

తా.క. సేవ్ చెయ్యడం ఎలాగో నేర్పమని ఇప్పుడే అడిగి వెళ్లాడు. నేను రిటైరయ్యే రోజున నేర్పుతానన్నాను.