పునుగుపిల్లికి దక్కిన మాట

ఆదివారం రాత్రి

సాయంత్రం ఊరి చివర లిమ్ చు కాంగ్ రోడ్డు మీద మా ముందు వెళ్తున్న వ్యాను ఒక పునుగుపిల్లిని గుద్ది, ఆగకుండా పోయింది. మా ఆయన రఘు కారు ఆపి, చొక్కా విప్పి దాని మీద కప్పాడు. నేను జంతువుల్ని కాపాడే రెస్క్యూ వాళ్లకు ఫోన్ చేశాను. వాళ్లు వచ్చేదాకా రఘు దాని పక్కనే గొంతుక్కూర్చుని, "ఏం కాదురా బంగారం, ఇక్కడే ఉన్నా" అంటూనే ఉన్నాడు.

పోయిన నెల నాకు గర్భం పోయినప్పుడు, ఆసుపత్రిలో నా మంచం పక్కన ఫోన్ చూసుకుంటూ కూర్చున్నది ఈ మనిషేనా? ఒక పిల్లిని చూసి అసూయ పడ్డానని రాసుకోవడానికే సిగ్గుగా ఉంది. కానీ పడ్డాను.

ఇందాక రెస్క్యూ వాళ్ల మెసేజ్ వచ్చింది. "బతుకుతుందట" అని చెబుతూనే రఘు వెక్కి వెక్కి ఏడ్చాడు. ఎవరి కోసమని అడగబోయి, అడగలేకపోయాను.