కంకర దారుల మీద గడిచిన సెలవు గురించి

సులై, రియాద్.
కంపెనీ కుటుంబాల క్వార్టర్ల నుండి.

పరిపాలనాధికారి గారి సముఖమునకు, వర్క్‌షాపు టెక్నీషియన్ ఖాదర్ మొహిద్దీన్ భార్య మేరాజ్ బేగం వ్రాసుకొన్న అర్జీ.

విషయం: నా భర్త ఇంగ్లండులో కంకర దారుల వెంట సైకిలు తొక్కుచుండుట, తిరిగి వచ్చు గడువు పొడిగించమని నాకు తెలియకుండా తమను కోరుట, విచారణ కొరకు మనవి.

అయ్యా,

నేను రాయచోటిలో హైస్కూలు వరకు తెలుగులోనే చదువుకున్నాను. ఆఫీసులకు రాసే అలవాటు లేదు. ఇంట్లో కూడా గొంతు ఎత్తే మనిషిని కాను. నెల రోజులుగా నాకున్న అనుమానాలను నమాజులో అల్లాహ్‌కే చెప్పుకుంటూ వచ్చాను. నిన్న మాత్రం నా భర్తతో ఒకే షెడ్డులో పని చేసే బాబ్జాన్ మా ఇంటికి పెరుగు డబ్బా ఇవ్వడానికి వచ్చి నోరు జారాడు.

"ఖాదర్ భాయ్ రీఎంట్రీ వీసా పొడిగించమని ఆఫీసుకు ఫోన్ చేసినాడంట గదా భాబీ. అయితే బక్రీదుకు ఉండడా?" అన్నాడు. నా ముఖం చూశాక, "నేను చెప్పినానని మాత్రం అనొద్దు" అని గబగబా మెట్లు దిగిపోయాడు.

భార్యకు తెలియని సంగతి షెడ్డంతా తెలిసింది గనుక ఇక కలం పట్టక తప్పలేదు. తమరు నెల్లూరువారని, తెలుగు చదువుతారని ఆ బాబ్జానే చెప్పాడు. తమ పరిశీలన కొరకు ఈ క్రింది అంశాలు మనవి చేసుకొంటున్నాను.

1. ఏటా సెలవుకు మేమిద్దరం రాయచోటికి పోతాము. ఈ ఏడు ఆయన అక్కడికి రానన్నాడు. తమ వర్క్‌షాపులో పెద్ద ఇంజనీరుగా ఉండి రిటైరైన కాలిన్ సార్ తమరికి తెలుసు. ఆయన రియాద్‌లో ఉన్నప్పుడు శుక్రవారం తెల్లవారుజామున ఫజర్ నమాజు కాగానే నా భర్తను వెంటబెట్టుకుని ఊరి బయట రాళ్ళ దారుల్లో సైకిలు తొక్కేవారు. మధ్యాహ్నం జుమా నమాజు వేళకు ఈయన కనుబొమల దాకా దుమ్ముతో ఇంటికి వచ్చేవాడు. ఆ పిచ్చి శుక్రవారంతో సరిపోతుందనుకున్నాను. కాలిన్ సార్ స్వదేశం చేరాక, తన ఇంటికి చుట్టంగా రమ్మని పిలిచారు. ఈయన పోయాడు. యాభై దాటిన మనిషిని ఒక ఇంజనీరు సముద్రాలు దాటించి సైకిలు తొక్కడానికే పిలిపించుకుంటాడా? ఇది నా మొదటి అనుమానం.

2. ఆయన పంపే ఫోటోలలో మనుషులు ఉండరు. దుప్పటి కప్పుకుని నలుగురు పడుకున్నట్టు ఎత్తుపల్లాల పచ్చని నేల, మధ్యలో తెల్లటి సుద్దరాళ్ళ బాట, రెండు పక్కలా ముళ్ళకంచెలు, గొర్రెపిల్లలు. ఆ సైకిలుకు పొట్టేలు కొమ్ముల్లాంటి హ్యాండిలు, లావు టైర్లు. ఫోనులో ప్రతిరోజూ ఆ రోజు తిరిగిన దారిని మ్యాపు మీద ఎర్రగీతగా పంపుతాడు. ఏ గీతను చూసినా బయలుదేరిన చోటికే వచ్చి ఆగుతుంది. ఎక్కడికీ పోని ప్రయాణం ఏమి ప్రయాణమో నాకు తెలియడం లేదు. పైగా ఆ బాటలు రైతుల పొలాల మధ్య నుంచి పోతాయట. గేటు తెరిచి లోపలికి పోయి, మళ్ళీ మూస్తే చాలునట, ఎవరూ ఏమీ అనరట. మా ఊళ్ళో శెనగచేనులో సైకిలు దించితే ఏమవుతుందో ఆయనకు బాగా తెలుసు. అందుకే ఆ మాట నేను నమ్మలేదు.

ఫోనులో అడిగాను. "అక్కడ తారు రోడ్డు లేదా?"

"ఉంది."

"మరి రాళ్ళ మీద పడి ఎందుకు పోతాండావు?"

"తారు రోడ్డు మీద వెనక కార్లొస్తాంటాయి మేరాజ్. ఈడ వెనక్కి తిరిగి చూసే పనే లేదు."

ఈ చివరి మాటను తమరు ప్రత్యేకంగా గమనించవలెనని ప్రార్థన.

3. ఒక ఫోటోలో ఆయన వెనక తెల్ల గుర్రం బొమ్మ వేసిన బోర్డు ఉంది. హోటలు అన్నాడు. మా పక్కింటి సుల్తానా ఇక్కడి ఇండియన్ స్కూల్లో టీచరు. ఆమె చూసి, అది సారాయి అంగడి లాంటిదేనని, అన్నం కూడా దొరుకుతుందని చెప్పింది. అడిగితే, టీ తాగి వేయించిన ఆలుగడ్డలు తిన్నానని అన్నాడు. అంత కొండ ఎక్కి దిగి ఆలుగడ్డల కోసం పోయారా? ఈ అంశం ఇంకా తేలలేదు.

4. ఒక సాయంత్రం ఆ బాట పక్కన వాన కోటు పరుచుకుని అసర్ నమాజు చేస్తున్న ఫోటో వచ్చింది. కాలిన్ సార్ తీశారట. ఫోటోను పెద్దది చేసి చూశాను. నా భర్త నీడ ఆయనకు ముందు పడి ఉంది. అయ్యా, రాయచోటిలో గానీ ఇక్కడ రియాద్‌లో గానీ కాబా పడమరనే గనుక అసర్ వేళ ఎండ మన ముఖం మీద పడుతుంది, నీడ వెనక్కి పోతుంది. చిన్నప్పటి నుంచి ప్రతి అసర్‌కూ కళ్ళు చికిలించుకునే నిలబడ్డాను. ఈయన కాబా ఉన్న కిబ్లా దిక్కుకు వీపు పెట్టి నిలబడ్డాడంటే, ఫోటో కోసం నటించాడనో, దిక్కు మరిచాడనో అనుకున్నాను. కాబా వైపు మరిచినవాడికి సులైలో ఇల్లు ఏం గుర్తుంటుంది?

ఆ రోజు ఫోనులో ఏడ్చాను. ఆయన నెమ్మదిగా నవ్వాడు. "నేను మక్కాకు అవతలి పక్కకొచ్చినా గదే పిచ్చిదానా. ఈడ్నుంచి కాబా తూర్పు దక్షిణం మూల." నేను నమ్మక సుల్తానాను పిలిచి అడిగాను. ఆమె పిల్లల భూగోళం తెచ్చి వేలు పెట్టి చూపింది. ఆయన చెప్పినదే సరి. అందుచేత ఈ నాల్గవ అంశాన్ని రద్దుగా భావించవలెను. తమ ముందు ఏదీ దాచరాదని కొట్టివేయకుండా ఉంచాను.

5. ఇది రాయడానికి సిగ్గుగా ఉన్నది. ఆయన ఇంట్లో పెద్దగా మాట్లాడే మనిషి కాదు. కూర బాగుందని చెప్పడానికి గిన్నె ఇంకోసారి ముందుకు జరుపుతాడు, అంతే. ఇప్పుడు రోజూ మాటలు రికార్డు చేసి పంపుతున్నాడు. పొద్దున పొగమంచులో గొర్రెలు ఎలా లేచాయో, దిగుడులో చక్రం కింద కంకర ఎలా గలగలలాడుతుందో, కాలిన్ సార్ బురదలో పడి లేవకుండా ఎంతసేపు నవ్వారో. ఆ గొంతు నేను ఎరుగను. అక్కడ ఎవరైనా ఉన్నారని నేను అనడం లేదు, అల్లాహ్ నన్ను క్షమించుగాక. ఎవరూ లేకుండానే ఒక మనిషి ఇంత సంతోషంగా ఎట్లా ఉంటాడన్నదే నా అనుమానం.

ఇక్కడ ఉండడానికి నాకున్న ఇఖామా కార్డు ఆయన ఇఖామాను పట్టుకుని ఉన్నది. ఆయన గడువులోగా రాకపోతే నేను ఈ దేశంలో ఎవరి పేరున ఉండాలి? అయితే పైన రాసినదంతా చదివిన తమకు, నా భయం ఇఖామా ఒక్కటే కాదని తెలిసే ఉంటుంది.

కావున, ఖాదర్ మొహిద్దీన్ తన నోటితో తన భార్యకు చెప్పుకునే వరకు గడువు పొడిగింపు నిలిపి ఉంచి, ఈ పేదరాలి మనవిని దయతో చిత్తగించవలెనని వేడుకొంటూ,

తమ విధేయురాలు,
మేరాజ్ బేగం

మరల వ్రాయునది: కవరు అంటించబోతుండగా ఆయన ఫోను వచ్చింది. బాబ్జాన్ పేరు ఎత్తకుండా, ఆఫీసుకు ఏమైనా చెప్పావా అని మాత్రం అడిగాను.

"ఇంగో పదిహేను దినాలు ఉండాలని అడిగినా. ఉత్తరం పక్క దారి ఒకటి మిగిలిపోయింది" అన్నాడు.

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు రమ్మంటే వచ్చేస్తా. అందుకే నిన్ను అడగలేదు."

నేను కవరు పక్కన పెట్టి, ఉండమన్నాను. కనుక తమరు ఆ పదిహేను దినాలు ఇవ్వవచ్చును. అంతకు మించి ఒక్క పూట కూడా ఇవ్వవద్దు. అయితే, ఉండమన్న మాట నా నోట రాగానే, మళ్ళీ మనసు మార్చుకుంటానేమోనన్నట్టు ఆయన ఎంతో తొందరగా ఫోను పెట్టేశాడు. అది నేను ఆలోచించుకోవలసి ఉన్నది. అంతవరకు ఈ కాగితాలు తమ బీరువాలోనే ఉంచండి. చించవద్దు, ఎవరికీ చూపవద్దు. ముఖ్యంగా ఆయన తిరిగి వచ్చి డ్యూటీలో చేరినట్టు సంతకం పెట్టే రోజున వీటిని బల్ల మీద ఉంచవద్దు.