కొల్లేటి ఒడ్డున నిద్ర చేశాను

ఏవండీ,

బాగున్నారా? మీరు వెళ్ళి ఏడు నెలలు దాటింది. నేను బాగానే ఉన్నానని రాయాలనుంది గానీ... కాలు నిలవడం లేదండీ. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎక్కడికో తెలియదు. ఈ ఏలూరు ఇంట్లో సర్దిన డబ్బాలే మళ్ళీ సర్దుతున్నాను.

ఆదివారాలు మరీ కష్టం. తెల్లవారకముందే మెలకువ వచ్చేస్తుంది. ఫ్లాస్కు కడిగి టీ పోశాక గుర్తొస్తుంది, స్కూటరు తీసే మనిషి లేడని. ఎవరికి పోశాను ఆ టీ?

రిటైరయ్యాక కూడా మీకు ఆదివారమే పండగ. కొల్లేటి గట్ల మీద పిట్టలు చూడటం, ఎవరింట్లోనో చేపల పులుసు తినడం, తాటితోపులో పొద్దుటి కల్లు రుచి చూడటం. "ఇసక నేల చెట్టుది ఒక రుచండీ, నల్లరేగడి చెట్టుది ఇంకోటండీ. తాగడం గొప్ప కాదు, ఏ నేలదో చెప్పగలగాలి" అని కనిపించిన వాళ్ళందరికీ పాఠం చెప్పేవారు. నేను ముక్కు మూసుకుని మీ వెనక నిలబడేదాన్ని.

మీరు వెళ్ళాక నన్ను గడప దాటనివ్వలేదు. పుట్టింటివాళ్ళు వచ్చి నిద్రకి తీసుకెళ్ళాలట. బయట ఒక్క రాత్రి నిద్ర చేస్తే గానీ నేను ఎవరి గడపా తొక్కకూడదని మీ అక్కగారు గట్టిగా చెప్పారు. భీమడోలు నుంచి మా తమ్ముడు రావాలి. ముందు మూఢం అన్నాడు, తరువాత కోతలన్నాడు, ఆ పైన కారు బాగోలేదన్నాడు. నేను కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగాను. పోయింది మీరైతే ఇంట్లో పెట్టి తలుపేసింది నన్నా?

కిందటి వారం వాడు వచ్చాడు. కారెక్కాక, నిద్ర భీమడోలులో కాదు, మండవల్లిలో రాఘవమ్మ ఇంట్లో చేస్తానన్నాను. వాడి ముఖం చూడాల్సింది మీరు. చుట్టం కాని వాళ్ళ గుమ్మంలోకి ఇలాంటి నిద్రకి ఎలా వెళ్తామని వాడి బాధ. ఆ మాటా నిజమే. సొంతవాళ్ళే జంకుతారు. మనం ఎప్పుడో నెలకోసారి వెళ్ళి పులుసు వండించుకున్న ఇల్లు... వాళ్ళు వద్దంటే?

గుమ్మం బయటే నిలబడి సంగతి చెప్పాను. రాఘవమ్మ లోపలికి వెళ్ళిపోయింది. వద్దనేసిందనుకున్నాను. చెంబుతో నీళ్ళు తెచ్చి నా కాళ్ళ మీద తనే పోసింది. మా ఇంట్లో నిద్ర చేస్తే ఇక మా ఆడపడుచువేనంది. తమ్ముడు అటు తిరిగి ఫోను చూసుకున్నాడు.

బొమ్మిడాయి చేపల పులుసు, మామిడికాయ వేసి పెట్టింది. మీరు పోయాక ఆకలన్నది అప్పుడే తెలిసింది నాకు. మళ్ళీ అన్నం పెట్టించుకున్నాను. తింటూంటే మీ మీద కోపం వచ్చింది. మీరు లేకపోయినా పులుసు అంత రుచిగా ఎలా ఉందండీ?

పొద్దున్నే రాఘవమ్మ పెనిమిటి కల్లు దింపించుకొచ్చాడు. ఈసారి ముక్కు మూసుకోలేదు. తమ్ముడు చూస్తుండగానే తాటాకు దొన్నెలో పోయించుకుని తాగాను. మీరు చెప్పినంత గొప్పగా ఏమీ లేదు. కొంచెం తీపి, వెనకనే పులుపు. ఏ నేలదో నాకేం తెలుస్తుంది? అయినా ఇంకో గుక్క తాగాను.

అక్కడి నుంచి ఆటపాక వెళ్ళి పడవెక్కాం. పిట్టల కోసం నీళ్ళలో పాతిన ఇనప స్టాండ్ల నిండా గూడబాతులు. పిల్ల తల దాకా తల్లి గొంతులో దూర్చి మేత తింటోంది. తల్లి అలాగే నోరు తెరుచుకుని నిలబడింది. ఇంకో పిట్ట కనిపించింది... ఒళ్ళు తెలుపు, ముక్కు నలుపు, నీళ్ళలో ముక్కు అటూ ఇటూ ఊపుతోంది. దీని పేరేమిటండీ అని పక్కకి తిరిగాను. తమ్ముడున్నాడు. అప్పుడు ఏడ్చానండీ. పడవ నడిపే అతను గెడ ఆపేశాడు. మీరు పోయిన రోజు కూడా అంత ఏడవలేదు నేను.

మీరు కొల్లేరంతా తిప్పారు గానీ తాడేపల్లిగూడెం అవతల మెట్ట వైపు ఎప్పుడూ వెళ్ళలేదు. "అటు చూడ్డానికేం ఉందే" అని కొట్టిపారేసేవారు. నిజంగా ఏమీ లేదా? మీరు చూడలేదు కదా, ఎలా తెలుసు?

ఈ ఆదివారం తాడేపల్లిగూడెం బస్సెక్కుతున్నాను. తమ్ముడికి చెప్పలేదు, మీ అక్కగారికి అసలే చెప్పలేదు. అక్కడ ఏ పిట్టలుంటాయో, ఏ చేప దొరుకుతుందో, ఎర్రనేల కల్లు ఎలా ఉంటుందో చూసి వచ్చి రాస్తాను. పేర్లు తెలియకపోతే దారిలో వాళ్ళనే అడుగుతాను. ఇంతకాలం మీరు చెబితే నేను విన్నాను. ఇక నేను చెబుతాను, మీరు వినండి.

ఉంటానండీ.

మీ
సుశీల