ఎడమవైపు స్పీకరు

ప్రియమైన చిట్టికి,

నువ్వు పంపిన చిన్న కంప్యూటర్ బోర్డు, దానిమీద గుచ్చే సౌండ్ కార్డు అందాయి. బోర్డుల ఫ్యాక్టరీలో పనిచేసే చెల్లెలుండగా పాటల పెట్టె షాపులో కొనడమేమిటని మీ వదిన దగ్గర గొప్పలు పోయాను. నా పరువు నీ చేతుల్లో ఉంది.

వంటింట్లోంచి ప్లాస్టిక్ డబ్బా ఒకటి కాజేసి, కన్నాలు పెట్టి, రెండూ అందులో బిగించాను. నువ్వు చెప్పిన సాఫ్ట్‌వేర్ మెమరీ కార్డులోకి ఎక్కించాను. ఫోన్‌లో పాట నొక్కగానే వైఫై మీద వచ్చి మన పాత యాంప్లిఫయర్‌లో మోగింది. మీ వదిన గరిటె పట్టుకునే వచ్చి నిలబడిపోయింది.

ఒక్కటే లోపం. ఎడమ స్పీకరు నీరసంగా పలుకుతోంది. ఏం చెయ్యాలో ఉత్తరంలోనే రాయి. ఈమధ్య ఫోన్‌లో నువ్వు మరీ గొణుగుతున్నావు.

నీ అన్నయ్య

ప్రియమైన అన్నయ్యకి,

కన్నాలు పెడుతూ వేలు కోసుకోలేదంటే నేను నమ్మను.

స్పీకర్ల తీగలు అటువి ఇటు మార్చు. లోపం సౌండ్ కార్డులో ఉంటే నీరసం కుడివైపుకి మారుతుంది. మారకపోతే స్పీకర్లనే ఒకదాని చోట ఒకటి పెట్టు. అప్పటికీ తేలకపోతే ఏదీ ముట్టుకోకుండా, కుర్చీ తిప్పి, వాటికి వీపు పెట్టి కూర్చుని విను. వదినని కూడా వినమను. ఉన్నది ఉన్నట్టు రాయి.

నీ చిట్టి

ప్రియమైన చిట్టికి,

తీగలు మార్చాను. స్పీకర్ల చోట్లూ మార్చాను. ఎడమవైపే నీరసం. కుర్చీ తిప్పి కూర్చుంటే, అప్పటిదాకా బాగా పలికిన స్పీకరు మూగబోయింది. అది ఇప్పుడు నా ఎడమవైపుంది.

మీ వదిన తనకి రెండూ ఒకేలా ఉన్నాయంది. "మీకేమైనా తేడాగా ఉందా?" అని అడిగింది. లేదన్నాను.

నాకు అర్థమైంది. అర్థం కానట్టు ఇంకో నాలుగు పాటలు విన్నాను. పొద్దున్నే ఇనుము యార్డులో క్రేన్ ఎక్కాలి. కింద మేస్త్రి విజిల్ ఊదితే ఆపాలి. నాకు వినబడుతుందనే కదా, ఇనప పలకల పక్కన వాళ్లంతా నిశ్చింతగా తిరుగుతున్నారు. వచ్చే నెల కంపెనీ వైద్య పరీక్ష. ఈ పని పోతే నాకు ఇంకోటి చేతకాదు.

వదినకి చెప్పకు.

నీ అన్నయ్య

ప్రియమైన అన్నయ్యకి,

నేను గొణుగుతున్నానని నువ్వు తప్ప ఎవరూ అనలేదు. ఫోను నువ్వెప్పుడూ ఎడమ చెవికే పెట్టుకుంటావు. అందుకే కుర్చీ తిప్పమన్నాను. నేరుగా అడగడానికి నోరు రాలేదు.

ఒక్క చెవే మందగిస్తే తేలిగ్గా తీసుకోకూడదని మా ఫ్యాక్టరీ నర్సు అంది. రేపే చెవి డాక్టరు దగ్గరికి వెళ్లు. క్రేన్ ఎక్కకు, బతిమాలుకుంటున్నాను. రెండు వారాల్లో జవాబు రాకపోతే నేనే వచ్చి వదినకి చెబుతాను.

నీ చిట్టి

ప్రియమైన చిట్టికి,

నీ ఉత్తరం అందాక కూడా మూడు రోజులు క్రేన్ ఎక్కాను. తిట్టు.

మూడో రోజు పలక దించుతున్నాను. దూరంగా జనం చేతులూపుతున్నారు, ఎందుకో తెలియలేదు. ఎడమవైపుకి తల తిప్పితే, పలకకీ గోడకీ మధ్య మేస్త్రి. బుగ్గలు పగిలేలా విజిల్ ఊదుతున్నాడు. ఇంజను మోతలో నాకది చేరనే లేదు. ఆపాను. మూరెడు దూరం మిగిలింది.

కిందికి దిగాను. "ఎన్నిసార్లు ఊదాలయ్యా నీకు?" అన్నాడు. కోపంగా కాదు, బతిమాలినట్టు.

"నాకు వినబడలేదు" అన్నాను. క్రేన్ తాళం ఆయన చేతిలో పెట్టేశాను.

స్కానింగ్ తీశారు. చెవి నుంచి మెదడుకి వెళ్లే నరం మీద గడ్డ ఉంది. క్యాన్సర్ కాదట. వదిలేస్తే మాత్రం మెదడుని నొక్కుతుందట. సోమవారం ఆపరేషన్. ఆ చెవి ఇక తిరిగి రాదన్నారు. యార్డు వాళ్లు స్టోర్‌లో పని చూస్తామన్నారు, చూడాలి.

వదినకి నేనే చెప్పాను. నా చెయ్యి పట్టుకుంది. "భోజనాల దగ్గర నేను మీ కుడిపక్కకి మారి నాలుగు నెలలైంది. మీ అంతట మీరు చెబుతారేమోనని చూశాను. అంతకన్నా గట్టిగా అడిగితే నిజమైపోతుందని భయం" అంది.

ఒకే ఇంట్లో ఇద్దరం ఒకే భయాన్ని ఒకరికి తెలియకుండా ఒకరం మోశాం.

సోమవారం పొద్దున ఏడింటికే ఆపరేషన్ గదిలోకి తీసుకెళతారట. నాకు భయంగా ఉంది చిట్టీ. ఆదివారానికే వచ్చెయ్యి.

నీ అన్నయ్య